ఏ రాటిల్ స్నేక్? ఎక్కడి రాటిల్ స్నేక్?

కాలిఫోర్నియా ఎడారిలో ఒకరిని మొహావీ రాటిల్ స్నేక్ (తోక చివరి గిలకతో చప్పుడు చేసే విషపాముల్లో ఒకటి) కరిచిందనుకుందాం. కరిచిన చోట వాపు పెద్దగా లేకపోవచ్చు. కానీ కొందరిలో కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, కండరాలు అదురుతాయి, మాట తడబడుతుంది, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. అదే జాతి పాము అరిజోనాలో ఫీనిక్స్, టూసాన్ నగరాల మధ్య ఇంకొకరిని కరిస్తే కథ వేరేలా నడుస్తుంది. కాలు ఉబ్బిపోతుంది, చర్మం కింద రక్తం కమ్ముకుంటుంది, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. రెండు పాముల శాస్త్రీయ నామం ఒకటే. పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించదు. విషం మాత్రం రెండు రకాలు.

రాటిల్ స్నేక్‌ల గురించి చదవాలనుకునేవాళ్ళు సాధారణంగా రెండు ప్రశ్నలతో మొదలుపెడతారు. ఎన్ని రకాలున్నాయి? వాటిలో ఏది ఎక్కువ ప్రమాదకరం? మొదటి ప్రశ్నకు జవాబు శాస్త్రవేత్తల మధ్యే ఇంకా తేలలేదు. రెండో ప్రశ్నను అడగాల్సిన తీరు అది కాదు. పాము పేరు చెబితే విషం సంగతి సగమే తెలుస్తుంది, మిగతా సగం ఆ పాము ఎక్కడిదో తెలిస్తే గానీ తెలియదు. ఫీనిక్స్, డాలస్, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా శివార్లలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ పాములు తిరిగే నేలమీదే ఇళ్ళు కొనుక్కుని ఉంటున్నాయి. వాళ్ళకు ఇది పుస్తక జ్ఞానం కాదు, పెరటి సంగతి.

గుంట, గిలక

రాటిల్ స్నేక్‌లు సహజంగా అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఉత్తరాన కెనడాలోని ఆల్బర్టా, బ్రిటిష్ కొలంబియా నుంచి దక్షిణాన అర్జెంటీనా దాకా ఉన్నాయి. ఎక్కువ జాతులు ఉన్న దేశం మెక్సికో. అమెరికా రాష్ట్రాల్లో అయితే అరిజోనాదే మొదటి స్థానం, అక్కడ 13 జాతులున్నాయి.

మన రక్తపింజర, రాటిల్ స్నేక్ ఒకే కుటుంబానివి. రెండూ వైపర్‌లే. నోరు మూసినప్పుడు వెనక్కి మడుచుకుని, కాటేసేటప్పుడు ముందుకు లేచే పొడవాటి బోలు కోరలు రెండింటికీ ఉంటాయి. అయితే రాటిల్ స్నేక్ ఆ కుటుంబంలో పిట్ వైపర్ శాఖకు చెందింది. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య రెండు పక్కలా ఒక్కో చిన్న గుంట ఉంటుంది. మన తూర్పు కనుమల్లో వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చ పిట్ వైపర్‌కూ ఈ గుంట ఉంటుంది, రక్తపింజరకు ఉండదు.

ఆ గుంట లోపల సాగదీసిన పల్చటి పొర ఉంటుంది. ఎలుక ఒంట్లోంచి వచ్చే వేడి ఆ పొరను తాకితే చాలు, చిమ్మచీకట్లో కూడా పాముకు దాని ఉనికి తెలిసిపోతుంది. ఇది జరిగే తీరును 2010లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం బయటపెట్టింది. ఈయనకే 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. వేడిని పట్టే ఆ ప్రొటీన్ పేరు టీఆర్‌పీఏ1. మన శరీరంలో ఆవాల ఘాటును పసిగట్టేదీ ఆ ప్రొటీనే. కాలిఫోర్నియా నేల ఉడుతలు ఈ విద్యకు ఎదురువిద్య నేర్చాయి. రాటిల్ స్నేక్ ఎదురైతే అవి తోకలోకి రక్తం ఎక్కువగా పంపి తోకను వేడెక్కించి ఊపుతాయి. వేడిని చూడలేని గోఫర్ పాము ఎదురైతే తోక ఊపుతాయి గానీ వేడెక్కించవు. ఈ సంగతి 2007లో ప్రయోగాలతో రుజువైంది. ఎదుట ఉన్నది ఏ పామో ఆ ఉడుతకు తెలుసన్నమాట.

ఇక గిలక. తోక చివర ఉండే ఆ గిలక మన గోళ్ళలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతుంది. లోపల గింజలు, రాళ్ళు ఏమీ ఉండవు. ఒకదానిలో ఒకటి దూర్చిన కాగితపు టీ కప్పుల్లా బోలు గుల్లలు వదులుగా అల్లుకుని ఉంటాయి. తోక అదిరినప్పుడు అవి ఒకదాన్నొకటి కొట్టుకుని చప్పుడు చేస్తాయి. పుట్టిన పిల్లకు మొదటిసారి కుబుసం విడిచాక ఒక్క గుండీ లాంటి గుల్ల మిగులుతుంది. ఆ తర్వాత కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక గుల్ల చేరుతుంది. ఏడాదిలో రెండు మూడు సార్లు కుబుసం విడవవచ్చు, పాత గుల్లలు విరిగి పడిపోతుంటాయి కూడా. కాబట్టి గుల్లలు లెక్కపెట్టి పాము వయసు చెప్పేస్తామనే మాట నమ్మొద్దు.

ఈ చప్పుడులో ఒక గొప్ప ఉపాయం ఉంది. 2021లో ఆస్ట్రియా, జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని విడమరిచి చూపించారు. మనిషి దగ్గరికి వస్తున్నకొద్దీ పాము తోక ఊపే వేగం మెల్లగా పెరుగుతూ సెకనుకు 40 సార్ల దాకా వస్తుంది. ఇంకా దగ్గరికి వస్తే అది ఒక్కసారిగా 60 నుంచి 100 మధ్యకు దూకుతుంది. వినేవాడికి పాము ఉన్నదానికన్నా చాలా దగ్గరలో ఉన్నట్టు అనిపించి ఆగిపోతాడు. వర్చువల్ రియాలిటీలో మనుషులను కూర్చోబెట్టి పరీక్షించినా ఇదే జరిగింది. నా దృష్టిలో గిలక బెదిరింపు కాదు, పాము చేయగలిగిన మర్యాద. విషం దానికి ఆహారం సంపాదించే సాధనం. తినలేని మనిషి మీద ఖర్చు చేసుకోవడం దానికి నష్టమే.

అలాగని గిలక మోగకపోతే పాము లేదని అనుకోకూడదు. చాలాసార్లు అది కదలకుండా, రంగు మాటున దాక్కునే ఉంటుంది. మనుషులు చప్పుడు చేసే పాములనే చంపుతున్నారు కాబట్టి ఇప్పటివి గిలక ఆడించడం మానేస్తున్నాయని ఒక మాట బాగా తిరుగుతోంది. దానికి గట్టి ఆధారం లేదు. నిజంగా గిలక లేని రాటిల్ స్నేక్ మాత్రం ఒకటుంది. మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖలోని సాంటా కాటలీనా దీవిలో ఉండే జాతికి, కుబుసం విడిచినప్పుడల్లా గుల్ల నిలవకుండా రాలిపోతుంది. ఒక్క దీవికే పరిమితమైన ఆ పాము ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉంది.

ఎన్ని రకాలు?

పైపైన చూస్తే లెక్క సులువే. రాటిల్ స్నేక్‌లన్నీ రెండు ప్రజాతుల్లోకి వస్తాయి. క్రోటాలస్ పెద్ద గుంపు, సిస్ట్రూరస్ చిన్న గుంపు. సిస్ట్రూరస్ పాముల తల మీద నాగుపాముకు ఉన్నట్టు తొమ్మిది పెద్ద పొలుసులు పరిచినట్టు ఉంటాయి. క్రోటాలస్‌కు నడినెత్తి మీద చిన్న చిన్న పొలుసులు కిక్కిరిసి ఉంటాయి. పిగ్మీ, మసాసాగా అనే చిన్న రాటిల్ స్నేక్‌లు సిస్ట్రూరస్‌లోవి. మిగతావన్నీ క్రోటాలస్‌వే.

జాతులు ఎన్ని అనే దగ్గర చిక్కు మొదలవుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో రెండింటికి పేర్లు పెట్టాడు. 20వ శతాబ్దంలో శాన్ డియేగోకు చెందిన లారెన్స్ క్లాబర్ అనే ఆయన వీటి వర్గీకరణను ఒక దారికి తెచ్చాడు. వృత్తిరీత్యా ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు, విద్యుత్ కంపెనీలో పైస్థాయి అధికారి. తీరిక వేళల్లో వేల పాముల పొలుసులు లెక్కపెట్టి, 1956లో రెండు సంపుటాల గ్రంథం తెచ్చాడు. అప్పట్లో జాతిని నిర్ణయించడానికి ఆధారాలు పొలుసులు, మచ్చలు, గిలక కొలతలు. డీఎన్ఏ చదవడం వచ్చాక ఆ గీతలు చాలాచోట్ల జరిగాయి.

ఒక ఉదాహరణ చూడండి. మైదానాల నుంచి పసిఫిక్ తీరం దాకా ఉన్న పాములన్నిటినీ చాలాకాలం 'వెస్టర్న్ రాటిల్ స్నేక్' అనే ఒకే జాతిగా, దానిలో ఎన్నో ఉపజాతులుగా లెక్కేశారు. 2000 ప్రాంతంలో వచ్చిన డీఎన్ఏ అధ్యయనాలు దాన్ని విడదీశాయి. రాకీ పర్వతాలకు తూర్పున ఉన్నది ప్రెయిరీ రాటిల్ స్నేక్ అయింది, పడమటివి వేరే జాతి అయ్యాయి, అరిజోనా కొండల్లోని నల్లటి పాము ఇంకో జాతి అయింది. పడమటి గుంపును మరో నాలుగైదు జాతులుగా విడగొట్టాలని కొందరంటారు, మరికొందరు ఒప్పుకోరు. అలాగే నల్లతోక రాటిల్ స్నేక్‌ను 2012లో రెండుగా విభజించారు. అందుకే పాత పుస్తకాల్లో 30 పైచిలుకు జాతులని ఉంటుంది, కొత్త జాబితాల్లో 40 దాటి ఉంటుంది. పాములు పెరగలేదు, మనం గీత గీసే చోటు మారింది. ఒక్క అంకె పట్టుకుని వాదించుకోవడం వృథా.

కాబట్టి జాబితా అంతా చదివే బదులు, ఏ నేలకు ఏ పామో చూస్తే విషయం బాగా పట్టుబడుతుంది.

అమెరికా ఆగ్నేయ మూలలో, ఫ్లోరిడా, జార్జియా, కరోలినాల పైన్ అడవుల్లో ఈస్టర్న్ డైమండ్‌బ్యాక్ ఉంటుంది. రాటిల్ స్నేక్‌లన్నిట్లో పెద్దది ఇదే. మామూలుగా మీటరు నుంచి మీటరున్నర, రికార్డు కొలత 2.4 మీటర్ల దాకా ఉంది. వీపు మీద లేత పసుపు అంచుతో వజ్రాకారపు మచ్చలుంటాయి. చలికి, మంటలకు గోఫర్ తాబేళ్ళు తవ్విన బొరియల్లో తలదాచుకుంటుంది. పొడుగాకు పైన్ అడవులు నరికేయడంతో తాబేలూ తగ్గింది, పామూ తగ్గింది.

టెక్సస్ నుంచి దక్షిణ కాలిఫోర్నియా దాకా, మెక్సికోలోకి కూడా విస్తరించింది వెస్టర్న్ డైమండ్‌బ్యాక్. తోక మీద నలుపు తెలుపు పట్టీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇది ఊళ్ళ అంచుల్లో, పొలాల్లో, గోల్ఫ్ మైదానాల పక్కన సర్దుకుపోతుంది కాబట్టి నైరుతి అమెరికాలో మనిషికి ఎక్కువగా తారసపడేది ఇదే. టెక్సస్‌లోని స్వీట్‌వాటర్ పట్టణంలో 1958 నుంచి ఏటా మార్చిలో వీటిని పట్టి తెచ్చి, వేలకొద్దీ పౌండ్ల లెక్కన తూచి, జనం ముందు నరికి తోళ్ళు ఒలిచే ఉత్సవం జరుగుతోంది. బొరియల్లోకి పెట్రోలు ఆవిరి కొట్టి పాములను బయటికి రప్పించడం దానిలో భాగంగా ఉంటూ వచ్చింది. ఆ బొరియల్లో తాబేళ్ళు, కప్పలు, పురుగులు కూడా ఉంటాయి. ఇది క్రూరత్వమే, సంప్రదాయమని పేరు పెట్టినంత మాత్రాన మారదు. జార్జియాలోని క్లాక్స్‌టన్ పట్టణం ఇలాంటి ఉత్సవాన్నే 2012లో పాములను చంపని వన్యప్రాణి మేళాగా మార్చుకుంది. ఊరికి వచ్చే ఆదాయం పోలేదు, పాములు బతికాయి. స్వీట్‌వాటర్ కూడా ఆ పని చేయవచ్చు.

తూర్పు రాష్ట్రాల అడవులది టింబర్ రాటిల్ స్నేక్. 1775లో స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో, 'నన్ను తొక్కకు' అనే అర్థం వచ్చే మాటలతో పసుపు రంగు జెండా మీదికి ఎక్కింది ఈ పామే. చలికాలంలో ఇవి రాతి పగుళ్ళలో గుంపుగా తలదాచుకుంటాయి. తరతరాలుగా అదే పగులుకు తిరిగి వస్తాయి. ఉత్తరాది చలిలో ఆడపాముకు మొదటి కాన్పు రావడానికి ఏడెనిమిదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ తర్వాత కూడా మూడు నాలుగేళ్ళకోసారే పిల్లల్ని కంటుంది. ఒక్క స్థావరం తెలుసుకుని ఎవడైనా పదిమంది ఆడపాములను చంపితే ఆ గుంపు కోలుకోలేదు. మెయిన్, రోడ్ ఐలాండ్ రాష్ట్రాల్లో ఇవి పూర్తిగా పోయాయి, కెనడాలోనూ పోయాయి.

ఎడారి ఇసుకలో సైడ్‌వైండర్. రెండున్నర అడుగులు మించని ఈ పాముకు కళ్ళ పైన చిన్న కొమ్ముల్లాంటి పొలుసులుంటాయి. ఇసుక మీద పక్కవాటుగా, ఒంటిని ఎత్తి ఎత్తి వేస్తూ వెళుతుంది. జారే ఇసుక దిబ్బను ఎలా ఎక్కుతుందో 2014లో జార్జియా టెక్ పరిశోధకులు అట్లాంటా జూలో ఇసుక వాలు కట్టి మరీ చూశారు. వాలు పెరిగేకొద్దీ ఇసుకకు ఆనించే ఒంటి భాగాన్ని పెంచుతోందని తేలింది. అదే పద్ధతి పెట్టాక వాళ్ళ పాము రోబో కూడా వాలు ఎక్కింది.

కొండల్లో ఇంకో ప్రపంచం. అరిజోనా, న్యూ మెక్సికో, మెక్సికో పర్వతాల పైభాగాల్లో చిన్న చిన్న జాతులు ఒక్కో శిఖరానికి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిలో ముక్కు మీద గట్టులా లేచిన పొలుసులున్న రిడ్జ్‌నోజ్ రాటిల్ స్నేక్‌ను 1986లో అరిజోనా తన రాష్ట్ర సరీసృపంగా ప్రకటించింది. స్పెకిల్డ్ రాటిల్ స్నేక్ ఏ రాళ్ళ మధ్య ఉంటే ఆ రంగే పూసుకున్నట్టు ఉంటుంది, ఒకచోట తెలుపు, ఇంకోచోట నారింజ. గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే మరో రకం రాటిల్ స్నేక్ ఆ రాతి రంగుకు సరిపోయేలా గులాబీ రంగులో ఉంటుంది. రంగు చూసి జాతి చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పనామాకు దక్షిణాన అంతా దక్షిణ అమెరికా రాటిల్ స్నేక్, దాని దగ్గరి చుట్టాలది. బ్రెజిల్‌లో కాస్కవెల్ అంటారు. విషం విషయంలో ఈ పాముకు పెద్ద పాత్ర ఉంది.

విషం ఎందుకు మారుతుంది?

రాటిల్ స్నేక్ విషం అంటే ఒక పదార్థం కాదు, పదుల కొద్దీ ప్రొటీన్ల మిశ్రమం. దానిలో ముఖ్యమైనవి రెండు వర్గాలు. ఒక వర్గం రక్తనాళాల గోడలను, కండను కరిగించే ఎంజైములు, రక్తం గడ్డకట్టకుండా చేసేవి. ఇవి ఎక్కువుంటే వాపు, రక్తస్రావం. రెండో వర్గం నరం కండరానికి పంపే సంకేతాన్ని ఆపేసే నాడీ విషాలు. ఇవి ఎక్కువుంటే పక్షవాతం, ఊపిరి ఆగడం. చాలా పాముల్లో ఈ రెండిటిలో ఏదో ఒకటే గట్టిగా ఉంటుంది. రెండూ నిండుగా ఉన్నవి తక్కువ.

మొహావీ రాటిల్ స్నేక్‌లో నాడీ విషం ఉన్నవాటిని 'ఏ' (A) రకమనీ, రక్తస్రావం కలిగించేవాటిని 'బి' (B) రకమనీ అంటారు. రెండు ఇలాకాలు కలిసే చోట రెండూ ఉన్న పాములు కూడా దొరుకుతాయి. ఈ తేడా మొహావీకే పరిమితం కాదు. దక్షిణ కాలిఫోర్నియాలోని పసిఫిక్ రాటిల్ స్నేక్‌లు చాలావరకు వాపు, రక్తస్రావం కలిగించేవే, కానీ శాన్ హసింటో కొండల్లోని వాటిలో మొహావీ తరహా నాడీ విషం బయటపడింది. టింబర్ రాటిల్ స్నేక్‌లలో కూడా దక్షిణాది పాములు కొన్నిటికి నాడీ విషం ఉంది, ఉత్తరాది వాటికి లేదు. యూటా, కొలరాడో, వయోమింగ్‌లలో వెలిసిపోయిన రంగుతో ఉండే మిడ్జెట్ రాటిల్ స్నేక్ చూడటానికి చిన్నదే, విషం మాత్రం చాలా ఘాటు. టైగర్ రాటిల్ స్నేక్ ఇంకా విచిత్రం. తల చిన్నది, కాటుకు వదిలే విషం కొద్దిదే, కానీ బొట్టు లెక్కన చూస్తే రాటిల్ స్నేక్‌లన్నిట్లో దీన్ని మించింది లేదంటారు.

దీనికి ఒక మూలం జన్యువుల్లో కనబడింది. 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం ఈ పాముల పూర్వీకుడి దగ్గర నాడీ విషం తయారుచేసే జన్యువులు ముందే ఉన్నాయి. కొత్తగా సంపాదించుకున్నవి కావు. డైమండ్‌బ్యాక్‌లు రెండూ తర్వాతి కాలంలో వాటిని పోగొట్టుకున్నాయి. అంటే ఒక జాతి 'ప్రమాదకరంగా మారింది' అనడం కన్నా, ఒక్కో వంశం ఏ ఆయుధం ఉంచుకుంది, ఏది వదిలేసింది అని అడగడం సరైనది.

ఎందుకు వదిలేస్తుంది? తిండిని బట్టి. ఉడుతలు కూడా ఊరికే లేవు, చాలా తరాలుగా కాట్లు తిని వాటి రక్తంలో విషాన్ని అడ్డుకునే ప్రొటీన్లు తయారయ్యాయి. కాలిఫోర్నియాలో వేర్వేరు చోట్ల పాముల విషాన్నీ, ఉడుతల రక్తాన్నీ కలిపి చూసిన పరిశోధన కూడా 2016లోనే వచ్చింది. ఏ చోటి పాము విషం ఆ చోటి ఉడుతల మీద మెరుగ్గా పనిచేస్తోందని అది చూపించింది. పక్క లోయ ఉడుత మీద అంత పని చేయదు. ప్రతి కొండకూ దాని పోరాటం దానిదే.

వయసుతో కూడా విషం మారుతుంది. మధ్య అమెరికా రాటిల్ స్నేక్ పిల్లగా ఉన్నప్పుడు నాడీ విషంతో ఉండి, పెరిగాక రక్తస్రావపు విషానికి మారుతుంది. దీన్ని పట్టుకునే కాబోలు 'పిల్ల పాము కాటే ఎక్కువ ప్రమాదం, దానికి విషం అదుపు తెలియదు' అనే మాట ప్రచారంలో ఉంది. అది తప్పు. పెద్ద పాము వదలగలిగే విషం ఎన్నో రెట్లు ఎక్కువ, పెద్ద పాముల కాట్లే ఎక్కువ తీవ్రంగా ఉంటాయి. పిల్ల పామును చూసి నిర్లక్ష్యం చేయమని కాదు, పెద్దదాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దని.

ఈ విషాల నుంచే మందూ వచ్చింది. ఫ్లోరిడా ప్రాంతపు పిగ్మీ రాటిల్ స్నేక్ విషంలో రక్త ఫలకికలు (ప్లేట్‌లెట్లు) ఒకదానికొకటి అతుక్కోకుండా చేసే ప్రొటీన్ ఉంది. దాన్ని నమూనాగా తీసుకుని తయారుచేసిన ఎప్టిఫిబటైడ్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్ళకు, స్టెంట్ వేసేటప్పుడు ఈ మందు ఇస్తారు. మన దేశంలోని గుండె ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు.

ఒక విరుగుడు అన్నిటికీ సరిపోతుందా?

పాము విషానికి విరుగుడు సీరం 1890లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కాల్మెట్ చేతుల మీదుగా వచ్చింది. ఆసియా నాగుపాము విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసిన సీరం అది. అది ఏ పాము కాటుకైనా పనిచేస్తుందని ఆయన నమ్మాడు. బ్రెజిల్‌లో విటల్ బ్రెజిల్ అనే డాక్టరు దాన్ని అక్కడి పాముల విషం మీద ప్రయోగించి చూస్తే పనిచేయలేదు. కాస్కవెల్‌కు కాస్కవెల్ విషంతోనే, అక్కడి మరో పిట్ వైపర్ జరారాకాకు దాని విషంతోనే సీరం తయారు చేయాలని ఆయన తేల్చాడు. 1901లో సావో పావులోలో మొదలైన బుటాంటన్ సంస్థకు మొదటి డైరెక్టర్ ఆయనే. కాస్కవెల్ కాటుకు వాపు పెద్దగా రాదు. కళ్ళు వాలిపోతాయి, కండరాలు కరిగి మూత్రం నల్లబడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దానిలోని ముఖ్య విషం క్రోటాక్సిన్‌ను 1938లో అదే సంస్థలో స్ఫటికాలుగా వేరు చేశారు. ఒక పాము విషాన్ని అలా శుద్ధి చేయడం అదే మొదటిసారి.

విటల్ బ్రెజిల్ పాఠం ఇప్పటికీ మన దేశానికి అవసరమే. భారత్‌లో పాముకాటుతో ఏటా దాదాపు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అమెరికాలో ఏటా ఏడెనిమిది వేల మందిని విషపాములు కరిస్తే చనిపోయేది సుమారు ఐదుగురు. మన విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఒంటి పొలుసులు రాసుకుని బుస లాంటి చప్పుడు చేసే చిన్న పింజర, ఈ నాలుగింటి విషంతో తయారవుతుంది. ఆ విషం ఎక్కువగా చెన్నై దగ్గర పాములు పట్టే ఇరులర్ తెగవాళ్ళ సహకార సంఘం నుంచి వస్తుంది. రక్తపింజర విషం ప్రాంతాన్ని బట్టి మారుతోందని, ఒకచోట బాగా పనిచేసిన విరుగుడు మరోచోట బలహీనపడుతోందని బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు చూపించారు. అరిజోనాలో మొహావీ పాముకు జరుగుతున్నదే మన పొలాల్లో రక్తపింజరకు జరుగుతోంది. విషం సేకరణను ఇతర ప్రాంతాలకు విస్తరించడం ఇంకా ఆలస్యం చేయకూడని పని.

అమెరికాలో విరుగుడు తయారీదారులు ఈ సమస్యను మిశ్రమంతో ఎదుర్కొన్నారు. 2000లో అనుమతి పొందిన క్రోఫాబ్‌ను నాలుగు పాముల విషాలతో గొర్రెల్లో తయారు చేస్తారు, వాటిలో మొహావీ 'ఏ' (A) రకం కూడా ఒకటి. 2015లో అనుమతి పొందిన అనావిప్‌ను గుర్రాల్లో తయారు చేస్తారు, దానిలో ఒకటి మధ్య, దక్షిణ అమెరికా రాటిల్ స్నేక్ విషం. రెండూ ఆ దేశపు రాటిల్ స్నేక్ కాట్లన్నిటికీ వాడదగ్గవే. అందువల్ల ఆసుపత్రిలో జాతి తేలే దాకా వైద్యం ఆగదు. ఒక్కో వయల్ (మందు సీసా) వేల డాలర్లు, ఒక్కోసారి పదికి పైగా అవసరమవుతాయి కాబట్టి ఆరోగ్య బీమా పత్రాలు సరిగ్గా ఉంచుకోవడం కూడా ముందుజాగ్రత్తే.

మీరు ఉన్నచోట ఏది?

బే ఏరియాలో ఉన్నవాళ్ళకు జవాబు ఒక్కటే, నార్తర్న్ పసిఫిక్ రాటిల్ స్నేక్. ఫ్రీమాంట్ మిషన్ పీక్ ఎక్కే దారిలో ఎండాకాలం ఎదురయ్యేది అదే. న్యూజెర్సీలో టింబర్ ఒక్కటే, అదీ పైన్ అడవుల్లో, వాయవ్య కొండల్లో, చట్టం రక్షణలో ఉంది. సియాటిల్ వైపు, క్యాస్కేడ్ పర్వతాలకు పడమర ఒక్కటీ లేదు, కొండ దాటి తూర్పుకు వెళితే ఉంటాయి. డాలస్, ఫోర్ట్ వర్త్ చుట్టుపక్కల వెస్టర్న్ డైమండ్‌బ్యాక్, వాగుల వెంట టింబర్, గడ్డి మైదానాల్లో మసాసాగా, చిన్న పిగ్మీ. పిగ్మీ గిలక చప్పుడు పురుగు రొదలా ఉండి కొన్ని అడుగుల దూరానికే వినబడదు. ఫీనిక్స్ పరిసరాల్లోనే అసలు గజిబిజి. డైమండ్‌బ్యాక్, మొహావీ, టైగర్, స్పెకిల్డ్, నల్లతోక, సైడ్‌వైండర్ అన్నీ ఉంటాయి. పైగా విషం లేని గోఫర్ పాము కూడా ఎండుటాకుల్లో తోక అదిలించి, తల పరిచి రాటిల్ స్నేక్‌లా నటిస్తుంది.

ట్రైల్ మీద కాలిబాట మధ్యలోనే నడవండి. రాళ్ళ సందుల్లో, కట్టెల కుప్పలో చూడకుండా చేయి పెట్టకండి. రాత్రి పెరట్లోకి టార్చి లేకుండా వెళ్ళకండి. గిలక వినబడితే గెంతకండి, ముందు ఎక్కడుందో చూసి, వచ్చిన వైపుకే వెనక్కి వెళ్ళండి. పెరట్లో కనిపిస్తే పారతో కొట్టబోవద్దు. ఎంతోమంది కాటు తినేది పామును చంపబోయి, పట్టబోయి. పాములను పట్టి వదిలేసేవాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా కొన్నిచోట్ల వస్తారు.

కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐస్ పెట్టొద్దు. మన ఊళ్ళో తాడుతో బిగించి కట్టే అలవాటు ఇక్కడ చేటే చేస్తుంది, కండను కరిగించే విషం ఒకేచోట నిలిచిపోతుంది. ఉంగరాలు, గాజులు, పట్టీలు వెంటనే తీసేయండి, వాచాక రావు. 911కి ఫోన్ చేయండి. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. కొన్ని కాట్లలో విషం దిగకపోవచ్చు, అయినా అది తేల్చాల్సింది డాక్టరే. నొప్పి, వాపు లేవని ఇంటికి తిరిగి రావద్దు, నాడీ విషం మొదట్లో పెద్దగా కనబడదు. ఏ పామో తెలుసుకోవడానికి దాని వెంట పడొద్దు, చంపి తీసుకెళ్ళొద్దు. దూరం నుంచి ఫోటో దొరికితే మంచిదే, దొరక్కపోయినా ఫర్వాలేదు. డాక్టరుకు ముఖ్యంగా చెప్పాల్సినవి రెండు: ఎప్పుడు కరిచింది, ఏ ప్రాంతంలో కరిచింది.